కథకుడి బయానా

మంటకి మరీ అంత దగ్గరగా కూకోకండర్రా, నిప్పురవ్వలు లేస్తాయి. భోగి రాకముందే కట్టెలన్నీ కాల్చీసేలాగున్నారు మీరు. బుర్రకథంటే ఏటి తాతా, ఫోన్లో రెండు నిమిషాల ముక్క చూశాం అన్నాడు మావోడు. రెండు నిమిషాల్లో మా గురువుగారు తలపాగా చుట్టుకోవడం కూడా అయ్యేది కాదు.

కథకి ముందు మంట కావాలి. పుష్యమాసం మంచుకి డక్కీ తోలు మెత్తబడిపోతాది. కొడితే మోగదు, మూలుగుతాది. అందుకని పందిరి వెనకాల నాలుగు చితుకులు మంటేసి, డక్కీల మొహాలు సెగకి చూపించి, వేలితో తట్టి, చెవి దగ్గరెట్టుకుని, మళ్లీ చూపించి, అలగ కాచేవోణ్ని. సెగ ఎక్కువైతే తోలు చిట్లిపోతాది, ఆ రాత్రి కథ అక్కడికి సరి. మా డక్కీలు ఇత్తడివి, శ్రీకాకుళం అవతల బుడితిలో చేయించినవి. మట్టివైతే మోతకి తేలిక, నాదం కూడా మెత్తన. కానీ రైలు పెట్టెల్లో, లారీల మీద తిరిగేవోడికి మట్టి డక్కీ ఎన్నాళ్లుంటాది?

నేను హాస్యం వంతని, గురువుగారికి ఎడం పక్క. కుడి పక్క రాజకీయం వంత. నడుమ ఆయన, భుజమ్మీద తంబురా, వేళ్లకి అందెలు, కాళ్లకి గజ్జెలు. ఆ అందెలు బోలువి, లోపల సన్నటి గుళ్లుంటాయి. యుద్ధం ఘట్టంలో వాటిని టకటకలాడిస్తే పందిట్లోకి గుర్రాలొచ్చీసేవి. తల్లి ఏడిచే చోట ఒక్కసారి మెల్లగా కదిపి ఆపీసేవోరు, అంతే. ఆడోళ్లు కొంగు నోట్లో కుక్కుకునేవోరు.

ఆయన పేరు చెప్పను. ఆయన మనవలు ఇక్కడే, మన పేటలోనే ఉన్నారు. కథలోడి మనవలం అనిపించుకోవడం వాళ్లకి ఇష్టమో కాదో నాకు తెలీదు.

ఇది గొప్ప కళ అని ఇప్పుడందరూ అంటన్నారు. గురువుగారు మాత్రం పని అనేవోరు. 'పనికెళ్తన్నాను' అని ఇంట్లో చెప్పే బయల్దేరేవోరు. పనంటే దానికి బయానా ఉంటాది. రామనవమికో, దసరాకో, గౌరీ పరమేశ్వరుల సంబరానికో, ఏ వీధి అమ్మవారి పండక్కో కమిటీవోళ్లు సాయంత్రం పూట వచ్చేవోరు. తమలపాకుల్లో వక్కా, పదకొండు రూపాయలూ పెట్టి ఇచ్చేవోరు. అది పుచ్చుకున్నాక ఇంట్లో ఏ కష్టమొచ్చినా కథ మానకూడదు. వాళ్లు కూడా, వానొచ్చి పందిరి కూలిపోయినా ఇచ్చింది వెనక్కి అడక్కూడదు. కాగితం లేదు, సంతకం లేదు.

రేటు తేల్చే ముందు ఆయన మూడు సంగతులు అడిగేవోరు. పందిరి రైలుపట్టాకి ఎంత దూరం? కిందటేడు ఎవరొచ్చి ఏ కథ చెప్పారు? వినీవోళ్లలో పోర్టోళ్లెంతమంది, రైల్వే షెడ్డోళ్లెంతమంది? కొత్త కమిటీవోళ్లయితే తెల్లమొహాలు వేసేవోరు.

షిఫ్టుల సంగతి ముందు చెప్తాను. మన విశాఖ కంచరపాలెం మేం కథ చెప్పే నాటికే పల్లెటూరు కాదు. 1933లో పోర్టు తెరిచారు. 1941లో సింధియావోళ్ల ఓడల యార్డుకి పునాది పడింది. ఇటు రైల్వే, ఆ పైన 1957లో రిఫైనరీ. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి మూటాముల్లే కట్టుకుని దిగినవోళ్లే సగం వీధి. పల్లెలో కథ రాత్రి ఎనిమిదికి మొదలెడితే ఊరంతా ఉంటాది. ఇక్కడ పది దాటితే గానీ రెండో షిఫ్టోళ్లు రారు, రాత్రి షిఫ్టోళ్లు తొమ్మిదికే లేచి పోతారు. మొదలు విన్నోడు చివర వినడు, చివర విన్నోడికి మొదలు తెలీదు. ఇలాంటి చోట కథ ఎలగ చెప్తావు?

నా చేత చెప్పించేవోరు. పదింబావుకి సైకిలు గంటలు, టిఫిన్ క్యారేజీల చప్పుడు వినపడగానే ఆయన అందె ఒకసారి నా వైపు తిరిగేది. నేను కునికిపాటు పడి లేచినోడిలాగ కళ్లు నులుముకుని, 'ఇంతకీ గురువుగారూ, ఈ బుస్సీ అన్నోడు ఎవరి బావమరిది?' అని అడగాలి. బుస్సీ అంటే బొబ్బిలి కోట మీదికొచ్చిన ఫ్రెంచి దొర. పందిరి గొల్లుమనేది. 'ఓరి నీ నిద్ర తగలెయ్య' అని రాజకీయం వంత నన్ను తిట్టేవోడు. ఆ తిట్లలోనే రెండు గంటల కథా నాలుగు ముక్కల్లో మళ్లీ వచ్చీసేది. అప్పుడే వచ్చి కూకున్నోడికి కథ అందేది, మొదట్నుంచీ ఉన్నోడికి నవ్వొచ్చేది. హాస్యగాడంటే వెర్రి మొహమని జనం అనుకుంటారు గానీ, అతుకు కనపడకుండా కుట్టేది వాడే.

ఇక రైలుపట్టా. మైకు లేని రోజులు. మెయిలో, బొగ్గు బండో కూత పెడితే ఏ గొంతూ ఆనదు. బళ్ల వేళలు గురువుగారికి నోటికొచ్చు. ఆ వేళకి సరిగ్గా కోట మీద ఫిరంగి పేలేలాగ కథని నడిపించుకొచ్చేవోరు. ఇంజను కూసేసరికి మేమిద్దరం డక్కీలు బాదీసి మూడడుగులు వెనక్కి దూకేవోళ్లం, చంటిపిల్లలు తల్లుల ఒళ్లో దూరిపోయేవోరు. బండి లేటైతే మాత్రం చిక్కు. ఫిరంగి పేలేదాకా బుస్సీ గుర్రం దిగి చుట్ట కాల్చుకోవాల్సి వచ్చేది. ఆ చుట్ట ఘట్టం ఏ పుస్తకంలోనూ ఉండదు, అదంతా రైల్వేవోళ్ల దయ.

కిందటేడు ఎవరే కథ చెప్పినా, మా వైపు ఎప్పుడూ నిలిచే కథ బొబ్బిలి. 1757 జనవరి 24న కోట పడిపోయింది. ఆ యుద్ధాన్ని పెద్దాడ మల్లేశం కథగా కడితే జంగాలు ఊరూరా పాడారు. ఆ జంగం కథలోంచే బుర్రకథ వచ్చింది. మరి బొబ్బిలి కథకి కంచరపాలెంలో ఉన్న ఇరకాటం ఇంకెక్కడా ఉండదు. బొబ్బిలి వైపు నుంచి వచ్చినోళ్లూ, విజయనగరం వైపు నుంచి వచ్చినోళ్లూ ఒకే చాప మీద కూకుంటారు. బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు రాత్రి పూట గుడారంలో దూరి విజయనగరం రాజు విజయరామరాజుని పొడిచీసే చోట ఒకళ్లు ఈలలేస్తారు, ఒకళ్లు మొహాలు ముడుచుకుంటారు. పళ్లెంలో డబ్బులు ఇద్దరూ వెయ్యాలి కదా! అందుకని గురువుగారు విజయరామరాజుని దుర్మార్గుడిగా చెప్పేవోరు కాదు, పంతం పట్టిన రాజుగా చెప్పేవోరు. చచ్చిపోయే ముందు ఆయనకీ రెండు మంచి చరణాలు పెట్టీవోరు. 'అదేటి గురువుగారూ, శత్రువుకి పాటేటి' అంటే, 'వాళ్లదీ అన్నమే, వీళ్లదీ అన్నమే' అని నవ్వేవోరు. అది వ్యాపారమే, కాదనను. కానీ కథ దాని వల్లే బాగుపడింది. రాక్షసుణ్ని పొడిస్తే పిల్లలు చప్పట్లు కొడతారు. మనిషిని పొడిస్తే పెద్దోళ్లు కూడా కదలకుండా కూకుంటారు.

ఆ పొడిచే ముందే ఆపాలి. అదీ కిటుకు. పాపారాయుడు గుడారం తెర ఎత్తాడు, లోపల దీపం కొండెక్కతంది... అక్కడ తంబురా దించీసి మంచినీళ్లడిగేవోరు. పళ్లెం బయల్దేరేది. చదివింపులు పిలిచేది నేనే. ఎవరెంతిచ్చారో, ఎవరి పేర ఇచ్చారో రాగం తీసి చెప్పాలి. ఒకసారి ఒకాయన రూపాయిచ్చి, అత్తగారి పేరు, మావగారి పేరు, బావమరిది పేరు, ఇంకా పుట్టని బిడ్డ పేరు కూడా చదవమన్నాడు. అన్నీ చదివి, 'రూపాయికి నలుగురు, మనిషికి పావలా, పుట్టబోయే బాబుకి టిక్కెట్టు పూర్తిగా తీసుకున్నారు' అన్నాను. పందిరి ఊగిపోయింది. ఆయన రోషానికి అయిదు రూపాయల కాగితం తీశాడు, అది చూసి పక్క వీధోడు పది తీశాడు. ఆ రాత్రి నా వాటా కూడా పెరిగింది.

వాటాలంటారా, వచ్చింది నాలుగు భాగాలు చేసేవోరు. రెండు కథకుడికి, ఒకటి రాజకీయానికి, ఒకటి హాస్యానికి. తెల్లారగట్ల టీకొట్టు బల్ల మీద చిల్లర కుప్ప పోసి పంచుకునేవోళ్లం. కథకుడికి రెండేటి అని నాకూ మొదట్లో కడుపు మండేది. తంబురా తీగలు, గజ్జెలు, అంగరఖాల ఉతుకు, డక్కీలకి కొత్త తోళ్లు, దార్లో ముగ్గురికీ తిండి, అన్నీ ఆ రెండో భాగంలోంచే పోయేవి. వానాకాలం కథల్లేవు. వినాయక చవితి పందిళ్లు లేచేదాకా ఆయన పోర్టులో కూలికెళ్లేవోరు. మూటల దుమ్ముకి గొంతు పోకుండా రోజంతా కరక్కాయ బుగ్గన పెట్టుకుని ఉండేవోరు. కూడా మోసీవోళ్లలో సగం మందికి ఆయన కథ చెప్తారని తెలీదు. తెలిసినోళ్లు మాత్రం మధ్యాన్నం అన్నాల దగ్గర ఒక ఘట్టం చెప్పమనేవోరు. ఆయన చెప్పేవోరు కాదు. 'బయానా ఏది?' అనేవోరు, నవ్వుతూనే.

హరికథ దారి వేరు. మా తాత విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు గారిని విన్నాడంట, చచ్చేదాకా అదే చెప్పుకున్నాడు. దాసుగారు 1864లో అజ్జాడలో పుట్టారు, మన పక్కోరే. మద్రాసు నుంచి కుప్పుస్వామి నాయుడు గారు విజయనగరం వచ్చి హరికథ చెప్తే విన్నారు. విన్నోరు ఊరుకోలేదు, 1883లో తనే ధ్రువచరిత్ర కట్టుకుని చెప్పీసారు, అప్పటికి ఇంకా ఇరవయ్యేళ్లు నిండలేదు. రెండు చేతులు, రెండు కాళ్లు, తల, అయిదింటా అయిదు తాళాలు నడిపేవోరంట. 1919లో మహారాజావారు విజయనగరంలో సంగీత పాఠశాల పెడితే మొదటి ప్రిన్సిపాలు ఆయనే. తీరిక దొరికితే ఉమర్ ఖయ్యాముని సంస్కృతంలోకీ, అచ్చ తెలుగులోకీ కూడా తిప్పారు. 1945లో పోయారు. ఆయన పేరెత్తితే గురువుగారు చేతులు జోడించేవోరు, జోడించాక ఒక మాట కూడా అనేవోరు: 'హరికథలో నవ్వించాలన్నా, ఏడిపించాలన్నా, పిట్టకథ ఎత్తాలన్నా ఒక్కడే. మనం ముగ్గురం. ఒకడి గొంతు పోయినా రాత్రి గడుస్తాది.' నా లెక్కలో ఇంకో తేడా కూడా ఉంది. దాసుగారికి రాజుగారున్నారు. మాకు రెండో షిఫ్టోళ్లున్నారు.

గురువుగారింట్లో దేవుడి పటాల పక్కన ఉన్న ఫొటో దాసుగారిది కాదు, షేక్ నాజర్‌ది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టినాయన. కడు బీదోళ్లు. 1943లో ప్రజానాట్యమండలి పుట్టాక, జంగాల కథని పట్టుకుని దానికి కొత్త నడక నేర్పినోళ్లలో ఆయన ముందు నిలిచాడు. సుంకర సత్యనారాయణ గారు 'కష్టజీవి' రాశారు, కూలోడు కథానాయకుడైపోయాడు. అప్పటిదాకా కథల్లో రాజులే కదా. పల్నాటి యుద్ధం నాజర్ నోట వినాలి అనేవోరు. ఆయన ముసల్మాను కదా, బ్రహ్మనాయుడి కథ ఈయనేటి చెప్పడం అని ఏ పందిట్లోనూ ఎవడూ అడిగినట్టు నేను వినలేదు. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. 1997లో పోయాడు. ఆయన చెప్పుకున్న జీవితకథకి పేరు 'పింజారి'. లైబ్రరీలో ఉంటాది, ఫోన్ పక్కన పెట్టి చదవండి.

మన ఉత్తరాంధ్రకి సొంతమైంది జముకుల కథ. జముకంటే చిన్న వాయిద్యం. ఒక పక్క తోలు, తోలులోంచి ఒక నరం. ఆ నరాన్ని బిగించి మీటితే, అమ్మవారు పూనినోడి గొంతులోంచి వచ్చే వణుకు దాంట్లోంచి వస్తాది. అమ్మవార్ల కథలకి కట్టిన వాయిద్యం అది. శ్రీకాకుళం ఉద్యమంలో సుబ్బారావు పాణిగ్రాహి దాన్నే పట్టుకుని రైతుల కథ చెప్పాడు. 1969 డిసెంబర్లో ఆయన్ని చంపీసారు. ఆ తర్వాత వంగపండు ప్రసాదరావు. ఆయన మన షిప్‌యార్డులో పనిచేసినోడే, పార్వతీపురం వైపు మనిషి. యంత్రాల మధ్య నిలబడి పాట కట్టాడు. 2020లో పోయినప్పుడు మన వీధిలో ఎన్ని ఫోన్లలో ఆయన గొంతు మోగిందో మీరూ విన్నారు.

రాజకీయం వంత సంగతి మర్చిపోయాను చూడండి. ఏ కథ నడుస్తున్నా దాంట్లోకి ఈరోజు పేపరు దూర్చేవోడు వాడు. 1966లో విశాఖ ఉక్కు కోసం జనం రోడ్ల మీదికొచ్చారు. కాల్పులు జరిగాయి, రాష్ట్రమంతా కలిపి ముప్పై రెండు మంది పోయారు. ఆ రోజుల్లో బొబ్బిలి కథే చెప్పినా వాడి నోట ఉక్కే వచ్చేది. పందిరి చివర ఒక పోలీసు నిలబడి వినేవోడు. వాడిదీ ఈ జిల్లాయే కదా, నవ్వొచ్చినప్పుడు మొహం అటు తిప్పుకునేవోడు. 1974 మే నెలలో రైల్వే సమ్మె వచ్చింది. అప్పటికి నేను షెడ్డులో చేరిపోయాను, వంత పాడ్డం సెలవు రోజులకే. సమ్మె రోజుల్లో జీతాల్లేవు, చదివింపులూ లేవు, పళ్లెం తిప్పొద్దన్నారు గురువుగారు. ఆ నెల ఊరికే చెప్పారు. ఆయన ఊరికే కథ చెప్పగా నేను చూసింది అప్పుడొక్కసారే.

ఇక సర్కారు కథలు. కుటుంబ నియంత్రణ, చిన్న మొత్తాల పొదుపు, మశూచి టీకాలు, అన్నిటికీ బుర్రకథ కావాలన్నారు. డబ్బు ఖాయం, చదివింపుల కోసం మొహం చూడక్కర్లేదు. ఇద్దరు పిల్లలు చాలు అని నేను హాస్యం చెప్తుంటే ముందు వరసలో ఏడుగురు పిల్లల తండ్రి పడీపడీ నవ్వేవోడు. కానీ ఒక ఆఫీసు బిల్లు ఏడాది దాటాక వచ్చింది. అదీ కోసుకుని ఇచ్చారు. గురువుగారు ఆ కాగితం మడిచి తంబురా గుడ్డలో పెట్టుకున్నారు, ఒక్క మాటనలేదు. తర్వాత ఆయన కంఠం పోయింది, అది మాత్రం ఆ ఆఫీసు వల్ల కాదు. వయసు వల్ల, కొంత మైకు వల్ల. మైకొచ్చాక కొత్త కుర్రోళ్లు నాభి నుంచి పాడ్డం మానీసారు. ఆయనకి చేతకాలేదు, మైకు ముందు కూడా అదే గొంతుతో పాడి పెట్టె పగిలిపోయేలాగ చేసేవోరు.

పందిరి ఖాళీ అయిపోయింది మాత్రం టీవీతోనే. 1987లో రామాయణం మొదలైంది. ఆదివారం పొద్దున్న ఈ వీధిలో కుక్క కూడా కనపడేది కాదు. రాముణ్ని రంగుల్లో చూసినోడు మా నోట వినడానికి రాత్రంతా కూకుంటాడేటి? ఆ తర్వాత రికార్డింగ్ డాన్సులు, ఇప్పుడు డీజేలు. గుండె అదిరిపోతంది, నాలాంటోడు కిటికీలేసుకుని కూకుంటన్నాడు.

అలాగని అంతా అయిపోయిందని ఏడవడం నాకు నచ్చదు. డ్యూటీ మీద బరంపురం వెళ్లినప్పుడు ఒడియావోళ్ల దాసకాఠియా చూశాను. ఇద్దరే మనుషులు, చేతుల్లో చెక్క ముక్కలు, జనం రాత్రి రెండింటికీ కదల్లేదు. గోదావరి వైపు కపిలేశ్వరపురంలో 1973 నుంచీ హరికథకని ఒక బడే ఉంది. తిండీ వసతీ ఇచ్చి నేర్పుతారు, ఆడపిల్లలే ఎక్కువ. అక్కడ నేర్చుకున్న ఉమామహేశ్వరి గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. అంతకు ముందేడు కోట సచ్చిదానంద శాస్త్రి గారికొచ్చింది, ఆయనదీ హరికథే. మన పేటనే చూడండి. 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం' సినిమాలో ఈ వీధుల్లోని మనుషులే నటించారు. పక్కింటోడి కథ పక్కింటోడే చెప్తుంటే ఊరూరా టిక్కెట్టు కొని చూశారు. వినీవోళ్లున్నారు. లేనిది బయానా.

మొన్న పక్క పేటలో ఏటి జరిగిందో చెప్తాను. విజయనగరం అవతల నుంచి ముగ్గురు కథకుల్ని పిలిచారు. డీజేవోడికి ముందే అడ్వాన్సు కొట్టారు, ఫోన్లోనే. కథకులకి మాత్రం 'రండి, చూద్దాం' అన్నారు. అర్ధరాత్రి దాకా డీజే మోగించి, జనం వెళ్లిపోయాక కథ పెట్టారు. అయ్యాక శాలువా కప్పి, ఫొటో తీసి, నూటపదహార్లు చేతిలో పెట్టారు. మా కాలంలోనూ నూటపదహార్లే. అప్పుడు దాంతో నెలకి సరిపడా బియ్యం వచ్చేవి. ఆ ముగ్గురూ తెల్లారగట్ల స్టేషనుకి నడిచి వెళ్లడం నేను చూశాను. శాలువా పెట్టి టిక్కెట్టు కొనలేరు కదర్రా.

ఆదివారం రామనవమి కమిటీ మీటింగని విన్నాను. మీలో ముగ్గురు దాంట్లో ఉన్నారు, అందుకే ఇంత సేపు చెప్పాను. డీజే వద్దని నేననను, మీ వయసు మీది. ఒక్క రాత్రి మాత్రం కథకి తీసిపెట్టండి. బయానా నెల ముందే పంపండి, రానూపోనూ రైలు చార్జీతో. కథ రాత్రి పదికి మొదలెట్టించండి, అర్ధరాత్రి దాటాక కాదు. మిగతా డబ్బు తెల్లారకముందే చేతిలో పెట్టండి, రేపు రండి అనకండి. ఏ కథ చెప్పాలో మీరు చెప్పకండి, అది వాళ్లకి తెలుసు. ఎవర్ని పిలవాలో తెలీకపోతే నాకాడికి రండి, ఇద్దరు ముగ్గురి ఫోన్ నంబర్లు నా దగ్గరున్నాయి.